నోరు పూసింది అంటే మల్లె పూసినట్టా, సున్నం పూసినట్టా?

పాలవెల్లి

మా పాపకు ఏడేళ్ళు. మొన్న నోరు పూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మా అత్తయ్య ఫోన్‌లో ఎవరికో "పిల్లకి నోరు పూసిందమ్మా, పెరుగన్నం తప్ప ఏమీ ముట్టట్లేదు" అని చెబుతుంటే విని, అద్దం ముందుకెళ్ళి నోరు తెరిచి నిలబడింది. "పువ్వులేవమ్మా?" అని అడిగింది. కింది పెదవి లోపల తెల్లటి మచ్చ చూపించి ఇదేనన్నాను. కాసేపు చూసి, "ఇది పువ్వు కాదు, ఎవరో సున్నం పూశారు" అంది.

నాకు జవాబు తోచలేదు. మల్లె పూసింది అంటాం, మేస్త్రీ గోడకు సున్నం పూశాడు అంటాం. చెట్టుకొచ్చేదీ పూతే, నగకు వేసేదీ పూతే. ఇన్నేళ్ళుగా రెండూ వాడుతున్నా ఎప్పుడూ గమనించలేదు. నోటిపూతలో ఉన్నది ఏ పూత? అసలు ఇవి రెండు మాటలా, ఒకే మాటకు రెండు అర్థాలా? తెలిసినవాళ్ళు చెప్పండి, పాపకు చెప్తానని మాటిచ్చాను.

రంగులరాట్నం

పాప చెప్పిందే కరెక్ట్. బంగారు పూత, కళాయి పూత, మైపూత, పైపూత మందు. అన్నిట్లోనూ పైన పలచగా అంటుకుని ఉండేదే పూత. నోటిపూత కూడా నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లగా పూసినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. చెట్లతో దానికి పనిలేదు.

మొగ్గతొడిమ

రంగులరాట్నం గారూ, నేను ఒప్పుకోను. ఎర్రటి బుగ్గ లోపల తెల్లగా, గుండ్రంగా ఒకటి లేస్తుంది. మర్నాటికి పక్కన ఇంకోటి. ఒక్కోసారి గుత్తిగా వస్తాయి. నా చిన్నప్పుడు మా నాయనమ్మ "ఎన్ని పూశాయి?" అని లెక్క అడిగేది. సున్నాన్ని ఎవరైనా ఒకటి, రెండు అని లెక్కపెడతారా?

కందిచేను

మా వైపు నోరు పొక్కింది అంటారు. పొక్కు అంటే బొబ్బ. పువ్వూ లేదు, సున్నమూ లేదు.

తెల్లకోటు

నేను నర్సుని. మీరిద్దరూ చెబుతున్నవి రెండు వేరు జబ్బులు. పసిపిల్లల నాలుక మీద పెరుగు విరిగినట్టు తెల్లగా పరుచుకుని, తుడిస్తే ఊడొచ్చేది ఒకటి. అది ఫంగస్ వల్ల వస్తుంది. పెద్దవాళ్ళకీ బడి పిల్లలకీ పెదవి లోపల, నాలుక అంచున వచ్చేవి చిన్న చిన్న పుళ్ళు. మధ్యలో తెలుపో పసుపో ఉంటుంది, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. తుడిస్తే పోవు సరికదా ప్రాణం పోతుంది. మొదటిది చూస్తే పాప అన్నట్టు పూసినట్టే ఉంటుంది. రెండోది చూస్తే మొగ్గతొడిమ గారి నాయనమ్మ అన్నట్టు లెక్కపెట్టవచ్చు. జనం రెండింటినీ నోటిపూత అనే అంటారు.

పాలవెల్లి గారూ, మామూలుగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకపోయినా, మాటిమాటికీ వస్తున్నా డాక్టరుకు చూపించండి. బి విటమిన్లు, ఐరన్ తక్కువైనా వస్తాయి.

పాలవెల్లి

థాంక్సండి. మా పాపవి రెండో రకమే, మూడు ఉన్నాయి. నిన్నటికంటే నయం.

అరసున్న

నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఇలాంటి ప్రశ్న ఒక పిల్ల నోటివెంట వచ్చిందంటే సంతోషంగా ఉంది. రెండు పూయడాలను విడదీయడానికి చిన్న పరీక్ష ఉంది. "ఎవరు పూశారు?" అని అడగండి.

గోడకు సున్నం పూశారు. ఎవరు? మేస్త్రీ. ఒంటికి గంధం పూశారు. ఎవరు? ఇంట్లో ఆడవాళ్ళు. ఈ పూయడానికి పూసే మనిషి కావాలి, పూసే వస్తువు కావాలి, పూయించుకునే గోడో ఒళ్ళో కావాలి. ఇది సకర్మక క్రియ. మల్లె పూసింది. ఎవరు పూశారు? ఆ ప్రశ్నే అతకదు. మల్లే పూసింది, దానంతట అదే. ఇది అకర్మకం.

ఇప్పుడు నోటి సంగతి. "నోరు పూసింది" అన్న వాక్యంలో కర్త నోరు. నోటికి ఎవరో ఏదో పూయలేదు, నోరే పూసింది, కొమ్మ పూసినట్టు. "నోటికి పూశారు" అంటే మందు. "నోరు పూసింది" అంటే జబ్బు. ఆ ఒక్క "కి"లోనే మీ ప్రశ్నకు జవాబుంది.

మొగ్గతొడిమ

మాస్టారూ, దండం. నేను చెప్పాలనుకున్నది ఇదే, చెప్పడం రాలేదు.

రంగులరాట్నం

మాస్టారూ, మనిషి చెయ్యి లేకుండా కూడా పూత రావచ్చు కదా. ఇనుముకు తుప్పు పడుతుంది, గోడకు బూజు పడుతుంది. వాటినీ ఎవరూ పూయరు. నోటి మీద తెల్ల పొర కూడా అలా వచ్చిందే కావచ్చు. కర్త లేడు కాబట్టి పువ్వే అనడం తొందరపాటు.

అరసున్న

మంచి అభ్యంతరం. కానీ మీ వాక్యాలు మీరే మళ్ళీ చదవండి. "ఇనుముకు తుప్పు పట్టింది." ఇనుము పక్కన "కు" ఉంది, క్రియ "పట్టింది". "నోటికి పూత పట్టింది" అని జనం అనుంటే మీ మాట వెంటనే ఒప్పుకునేవాణ్ణి. ఎవరూ అలా అనరు.

వేరుపిలక

పాలవెల్లి గారి రెండో ప్రశ్నకు వస్తాను, ఒకే మాటా రెండా అని. ఇవి రెండు వేరు వేరు మూలాల మాటలు. తెలుగులో అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి.

పక్క భాషలు చూస్తే తేలిపోతుంది. తమిళంలో పూ అంటే పువ్వు, పూయడం కూడా. "పూసింది" అనడానికి వాళ్ళు "పూత్తదు" అంటారు. రాయడానికి, పులమడానికి వాళ్ళ మాట పూసు. "పూసాడు" అంటే "పూసినాన్". పూత్తదు, పూసినాన్ అని గతకాలంలోనే విడిపోతాయి, తికమకకు చోటే లేదు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి కోశంలోనూ (మొదటి కూర్పు 1961, రెండోది 1984) పువ్వుకు ఒక పద్దు, పులమడానికి ఇంకో పద్దు.

మన పాత పద్యాల్లో చెట్టు విషయంలో "పూచె", "పూచిన కొమ్మ" అని చకారం ఎక్కువగా కనిపిస్తుంది. గంధం విషయంలో "పూసె". అంటే మనకూ ఒకప్పుడు కొంత తేడా వినపడేది. వాడుకలో చ, స ఒకటైపోయాయి. చేయు, కోయు లాగా రెండూ "పూయు" వరసలో చేరిపోయాయి. రెండింటికీ నామవాచకం పూతే అయింది, ప్రేరణార్థకం పూయించడమే అయింది. పేపర్లో "నవ్వులు పూయించారు" అన్నది మొదటిది, "ఇంటికి సున్నం పూయించారు" అన్నది రెండోది.

చిలకపలుకు

కానీ వేరుపిలక గారూ, రెండూ ఒకే మూలం ఎందుకు కాకూడదు? వసంతంలో చెట్టు మీద రంగు పూసినట్టే కదా పువ్వులు వస్తాయి. మోదుగు చెట్టును దూరం నుంచి చూడండి, ఒక్క ఆకు కనపడదు, కొమ్మలకు కాషాయం పూసినట్టే ఉంటుంది.

వేరుపిలక

మోదుగు మాట నిజమే, నేనూ ఆగి చూస్తాను. కానీ పోలిక అందంగా ఉండటం వేరు, మూలం ఒకటి కావడం వేరు. పైన చెప్పిన తమిళ రూపాలు ఒక మూలం నుంచి రావడం కష్టం.

నెమలీక

నేను స్కూల్లో కంఠతా పట్టిన ప్రకృతి-వికృతుల పట్టికలో "పుష్పం – పువ్వు" అని ఉండేది. అంటే పువ్వు సంస్కృతం నుంచే వచ్చిందిగా? మీరేమో తమిళం అంటున్నారు.

వేరుపిలక

తమిళం నుంచి వచ్చిందని అనలేదండి. తమిళం పూ, తెలుగు పువ్వు, కన్నడ హూవు అక్కచెల్లెళ్ళు, ఒక తల్లి పిల్లలు. కన్నడంలో కూడా పాత రూపం పూవే. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు అది హూవు అయింది. గోండిలో పువ్వును పుంగార్ అంటారు, ఒడిశా కొండల్లో మాట్లాడే కుయి భాషలో పూజు అంటారు. అడవుల్లో, కొండల్లో ఉన్న ఈ భాషలన్నీ సంస్కృత పుష్పాన్ని ఇలా ఒకే తీరుగా అరగదీశాయంటే నమ్మడం కష్టం.

పుష్పం ప్రాకృతంలోకి వెళ్ళి పుప్ఫ అయింది. దాని మూలం పుష్ అనే ధాతువు. పోషణ, పుష్టి అన్నీ అక్కడివే. నిండుగా ఎదగడం అని దాని భావం. ఆ పట్టికలో ఆ జంట చేరడానికి కారణం రెండూ "పు"తో మొదలవడమే అనిపిస్తుంది.

నెమలీక

ఇన్నేళ్ళు తప్పు చదువుకున్నానన్నమాట. బాధగానే ఉంది, కానీ పువ్వు మన సొంతమని తెలిసి అంతకంటే సంతోషంగా ఉంది.

చిలకపలుకు

మరి పుప్పొడి? అది పుప్ఫ నుంచా?

అరసున్న

కాదమ్మా. పూవు, పొడి కలిసి పుప్పొడి. పూరెమ్మ, పూదోట, పూదేనె, పూబోణి అన్నీ ఆ కుటుంబమే. సమాసంలో పూవు తన తోక వదిలేసి ముందు నిలబడుతుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ప్రాతాది సంధి దగ్గర పూరెమ్మ ఉదాహరణ ఉంది, చదువుకున్నవాళ్ళకు గుర్తుంటుంది.

గోరింట

పూతరేకుల్లో పూత ఏ పూత? రేకు అంటే పువ్వు రేకు కూడా కదా. నేను ఇన్నాళ్ళూ పూలరేకుల్లా పలచగా ఉంటాయని ఆ పేరు పెట్టారనుకున్నాను.

రంగులరాట్నం

ఇది మాత్రం నా పూతే! ఆత్రేయపురంలో చేస్తుంటే చూశాను. బోర్లించిన కుండ కింద మంట పెడతారు. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి లాగుతారు. కుండకు పూత పూసినట్టు పొర పడుతుంది. క్షణంలో ఆరి రేకులా లేస్తుంది. పూసి తీసిన రేకు కాబట్టి పూతరేకు. ఆ ఆడవాళ్ళ చేతి వేగం చూడాలి, ఎంత చెప్పినా తక్కువే.

అరసున్న

ఇంకో పూత కూడా ఉంది, ఇందాక మరిచాను. "మంత్రపూతమైన జలం" అంటారు చూడండి, ఆ పూత సంస్కృతం. శుద్ధి చేసిన అని అర్థం. పావనం, పవిత్రం, పునీతం దాని తోబుట్టువులు. అంటే తెలుగువాడు పూత అనగానే మూడు మాటలు ఎదురుగా నిలబడతాయి.

ఉసిరికొమ్మ

సంస్కృతంలో పూయం అంటే చీము కదా. నోటిపూత అక్కడినుంచి రాకూడదా? పుండు, చీము, జబ్బు. అర్థం కూడా అతుకుతుంది.

వేరుపిలక

అర్థం అతికినా వ్యాకరణం అతకదు. పూయం నామవాచకం. దాన్ని తెచ్చుకుంటే "నోరు పూయం పట్టింది" అనాలి. పూసింది, పూస్తుంది, పూయలేదు అని అచ్చ తెలుగు క్రియలా తిరుగుతోందంటే అది మన పూయడమే. పైగా ఈ పుళ్ళలో చీము ఉండదని తెల్లకోటు గారు చెబుతారు.

తెల్లకోటు

అవును, మామూలు నోటిపూతలో చీము ఉండదు.

పొలంగట్టు

మీరంతా చెట్ల దగ్గరే ఆగిపోయారు. వరి పూసింది అని ఏ రైతూ అనడు. వరి ఈనింది అంటాం. గొర్రె ఈనినట్టు, గేదె ఈనినట్టు.

వరస చూడండి. ముందు చిరుపొట్ట. తర్వాత పొట్టకొస్తుంది, ఆకు తొడుగు లోపల వెన్ను ఉబ్బుతుంది. తర్వాత ఈనుతుంది, వెన్ను బయటికొస్తుంది. తర్వాత గింజ పాలు పోసుకుంటుంది. గోటితో నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. పొట్ట, ఈనడం, పాలు. మొత్తం తల్లి భాషే. పువ్వు ఉంది, కానీ దాన్ని పువ్వుగా ఎవరూ చూడరు. పొద్దున తొమ్మిది, పది మధ్య విచ్చుకుని మధ్యాహ్నానికల్లా మూసుకుంటుంది. అందుకే ఆ రోజుల్లో మందు పొద్దున కొట్టకూడదు, సాయంత్రం కొట్టాలి. మా నాన్న ఈనిక సమయంలో గట్టు మీద గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. బాలింత పడుకున్న గది ముందు నడిచినట్టు నడిచేవాడు.

మొగ్గతొడిమ

పొలంగట్టు అన్నా, ఆ చివరి మాట చదివి కాసేపు ఆగిపోయాను.

పొలంగట్టు

ఇంకోటి. పూతకూ పువ్వుకూ కూడా తేడా ఉంది. మామిడి పూత అంటాం, వేప పూత అంటాం. గులాబీ పూత అనం. లెక్కపెట్టలేనంత సన్నగా, గుంపుగా వచ్చి, తర్వాత కాయ ఇచ్చేదానికి పూత. కోసి తల్లో పెట్టుకునేదానికి పువ్వు. మామిడిలో ఒక్కో పూగుత్తికి వందల పువ్వులు, కొన్నిట్లో వేలు. ఒకటో రెండో కాయలు నిలిస్తే గొప్ప. అందుకే మా దగ్గర "పూత బాగుంది" అని ఎవరైనా అంటే "కాపు చూద్దాం" అని జవాబు చెప్తారు.

గోరింట

అయితే మూడు పువ్వులు ఆరు కాయలు ఎలా? ఒక పువ్వుకు ఒక కాయే కదా. ఉన్నవే రాలిపోతుంటే రెట్టింపు ఎక్కడినుంచి వస్తుంది?

పొలంగట్టు

దీవెన అంటేనే ఉన్నదానికి రెట్టింపు కోరడం. రైతుకు అంతకంటే ఏం కావాలి?

చిలకపలుకు

నేను బోటనీ చదివాను, ఒక మాట చెప్తాను. ఒక పువ్వుకు ఒకే కాయ అన్నది అన్ని చెట్లకూ వర్తించదు. నరమామిడి చూడండి, రోడ్ల పక్కన నిటారుగా పెంచుతారు, చాలామంది అశోకం అంటారు. దాని ఒక్క పువ్వు నుంచి నాలుగైదు కాయలు విడివిడిగా గుత్తిగా వేలాడతాయి. సంపెంగ కూడా అంతే, ఒక్క పువ్వు కాయల గుత్తి అవుతుంది. సామెత కట్టినవాళ్ళు వీటిని చూసి కట్టారని నేను అనను. కానీ చెట్టు ఆ లెక్కను అబద్ధం చేయదు.

విరితావి

పూయడం గురించి ఇంత మాట్లాడి అలరు సంగతి ఎవరూ ఎత్తలేదు. అలరు అంటే పువ్వు, అలరడం అంటే వికసించడం. అలరువిలుకాడు అంటే మన్మథుడు. తమిళంలోనూ అలర్ అంటే విచ్చుకోవడమే. ఆ మాటకే సంతోషించడం అనే అర్థమూ వచ్చింది, మనసు విచ్చుకోవడం సంతోషమే కదా. ఇప్పుడు మనకు మిగిలింది "ప్రేక్షకులను అలరించింది" ఒక్కటే. రోజూ పేపర్లో చదువుతాం. లోపల పువ్వు ఉందని ఎవరికీ తట్టదు.

విరి కూడా అలాంటిదే. విరియడం అంటే విచ్చుకుని పరుచుకోవడం. విరివి, విరివిగా అదే కుటుంబం. "మార్కెట్లో విరివిగా దొరుకుతుంది" అన్నప్పుడు నాకు రేకులు పరుచుకున్న పువ్వే కనపడుతుంది. ప్రస్ఫుటం కూడా చూడండి, సంస్కృతంలో స్ఫుట్ అంటే పగలడం, విచ్చుకోవడం. విచ్చుకున్నది స్పష్టంగా కనపడుతుంది కాబట్టి ప్రస్ఫుటంగా అంటే స్పష్టంగా అయింది. వికాసం అంతే. మనిషి ఎదుగుదలకు మన భాష ఎంచుకున్న మాట పువ్వుదే.

కందిచేను

పాలు విరిగాయి కూడా విరియడమేనా? విచ్చుకుంటాయిగా, ముక్కలు ముక్కలుగా.

అరసున్న

కాదు నాయనా, అది వేరు. పువ్వు విరియడంలో మామూలు ర. పాలు విఱగడంలో, కొమ్మ విఱగడంలో బండి ఱ. బండి ఱ రాయడం మానేశాక రెండూ ఒకటిగా కనపడుతున్నాయి. నోటిపూతలో జరిగిన తికమకే ఇదీ. అక్షరం పోతే దానితోపాటు మాట ఊరూ పేరూ పోతాయి. నాకు బండి ఱ మీద బెంగ అందుకే.

గోరింట

పుష్పవతి మాట కూడా చెప్పుకోవాలి. నా పన్నెండో ఏట ఇల్లంతా "పుష్పవతి అయింది" అని పిలుపులకు వెళ్ళారు. నాకేమీ అర్థం కాలేదు. చాప మీద కూర్చోబెట్టి అందరూ చూస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేదు. అంత అందమైన మాట నాకు భయంతో కలిసిపోయింది. నా కూతురికి మాత్రం పీరియడ్స్ అనే చెప్పాను, విషయం విడమరిచి చెప్పాను.

విరితావి

మీ బాధ అర్థమైంది గోరింట గారూ. కానీ నాకు ఆ మాట మీద కోపం రాదు. తమిళంలో పూప్పు అంటే కూడా ఇదే, పూయడం నుంచే వచ్చింది. పాతవాళ్ళు ఆ రక్తాన్ని పువ్వు అన్నారు. అంటు అన్న నోళ్ళే పువ్వు అని కూడా అన్నాయి. నేను రెండోదాన్ని ఉంచుకుంటాను.

గోరింట

మాటను ఉంచుకోండి. చాప మీద కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

విరితావి

అది వద్దే వద్దు.

మొగ్గతొడిమ

అసలు ప్రశ్నకు వద్దాం. మన శరీరంలోనూ చుట్టుపక్కలా "పువ్వు" అని పిలిచేవి లెక్కేశాను. కంట్లో పువ్వు, నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ పడేది. గోళ్ళ మీద పువ్వులు, ఆ తెల్ల చుక్కలు. చిన్నప్పుడు కొంగలు బారులు తీరి ఎగురుతుంటే చేతులు ఊపుతూ గోళ్ళ మీద పువ్వులు వేయమని అడిగేవాళ్ళం. కొబ్బరిపువ్వు, ముదిరిన కాయ కొడితే లోపల తెల్లగా స్పాంజిలా ఉండేది. వీటిలో ఒక్కటీ నిజం పువ్వు కాదు. కానీ అన్నీ తెల్లగా ఉంటాయి, అన్నీ లోపలినుంచి వాటంతట అవే వస్తాయి. నోట్లో పూసేవీ అంతే. ఇన్ని సాక్ష్యాలు ఉండగా సున్నం దగ్గరికి ఎందుకు వెళ్ళాలి?

చిలకపలుకు

కొబ్బరిపువ్వు మొలకకు తిండి పెట్టే భాగం. కాయ మొలకెత్తేటప్పుడు లోపలి నీళ్ళు తగ్గుతూ అది పెరుగుతుంది. అంటే మొగ్గతొడిమ గారు అన్నట్టు లోపలినుంచే.

మెరీనాగాలి

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వేరుపిలక గారు తమిళంలో రెండు క్రియలూ విడిగా ఉంటాయన్నారు కదా, అక్కడే రంగులరాట్నం గారికి జవాబు ఉంది.

నివురుగప్పిన నిప్పు అని మనం అంటాం. దాన్నే తమిళులు "నీఱు పూత్త నెరుప్పు" అంటారు. నీఱు అంటే బూడిద. నిప్పు మీద పలచగా బూడిద పొర. పొరే కదా, పూసినట్టే ఉంటుంది కదా, మరి "పూసిన" అనాలి. అనరు. పూత్త అంటారు, చెట్టు పూసే క్రియ. ఎందుకంటే ఆ బూడిదను ఎవరూ తెచ్చి నిప్పు మీద పూయలేదు. నిప్పే లోపలినుంచి బూడిద పూసింది. ఎదురుచూసి చూసి కళ్ళు మసకబారితే కూడా "కళ్ళు పూశాయి" అంటారు, అదీ చెట్టు క్రియే.

అంటే పొరలా ఉన్నంత మాత్రాన అది పులిమిన పూత కాదు. లోపలినుంచి పైకి వచ్చి కనపడితే, అది పొర అయినా చుక్క అయినా, పువ్వు పూతే. తెలుగులో రెండు మాటలూ ఒకటైపోయి మనకు ఈ తేడా కనపడటం మానేసింది, తమిళంలో ఇంకా కనపడుతోంది.

వేరుపిలక

మెరీనాగాలి గారూ, ఈ ఉదాహరణ నాకు తట్టనే లేదు. చాలా బలమైనది.

రంగులరాట్నం

సరే, "నోరు పూసింది" మీకు ఇచ్చేశాను. నీఱు పూత్త నెరుప్పు నన్ను ఒప్పించింది. కానీ "నాలుక మీద తెల్లటి పూత ఉంది" అని డాక్టరు రాసినప్పుడు అది నా పూత. అక్కడ కర్త నాలుక కాదు. ఇది మాత్రం వదలను.

అరసున్న

వదలనక్కర్లేదు. ఆ వాక్యంలో మీరే రైటు.

నెమలీక

పూజ కూడా పూ నుంచే వచ్చిందని ఎక్కడో చదివాను. నిజమేనా? వేరుపిలక గారు కుయి భాషలో పూజు అంటే పువ్వు అనగానే గుర్తొచ్చింది.

వేరుపిలక

ఆ పోలిక యాదృచ్ఛికం. కానీ పూజ మీద పాత వాదం ఒకటి ఉంది, విచిత్రంగా అది సరిగ్గా ఈ చర్చే. హోమంతో జరిగే వేద కర్మ వేరు, పువ్వులూ గంధమూ కుంకుమా పెట్టి చేసే పూజ వేరు, రెండోది ద్రావిడ ఆచారమని కొందరు పండితులు అన్నారు. వాళ్ళలో ఒక వర్గం పూజ అంటే పూ చెయ్, అంటే పువ్వులతో చేసేది అంది. స్వీడన్ పండితుడు షార్పెంటియే పూసు నుంచి తీశాడు, విగ్రహానికి గంధమో ఎర్రరంగో పూయడం అని. జర్మన్ పండితుడు థీమె లాంటివాళ్ళు రెండూ కాదు, సంస్కృతంలోనే మూలం ఉందన్నారు. తేలలేదు. మల్లె పూయడమా, గంధం పూయడమా అని మనం ఇక్కడ వాదించుకున్నట్టే వాళ్ళూ వాదించుకున్నారు.

ఉసిరికొమ్మ

పాలవెల్లి గారి పాప అడిగిన ప్రశ్నే, ఇంకో గదిలో.

పాలవెల్లి

అందరివీ చదివాను. పొలంగట్టు గారి వరి గురించి మా ఆయనకు చదివి వినిపించాను, ఆయన వాళ్ళ తాతగారి పొలం గుర్తు చేసుకున్నారు.

పాపకు మాస్టారి పరీక్ష చెప్పాను, "ఎవరు పూశారు?" అని అడగమని. నిన్నంతా అదే పని. చపాతీకి నెయ్యి పూసింది. ఎవరు? నానమ్మ. కుండీలో చామంతి పూసింది. ఎవరూ లేరు, చామంతే. నోరు పూసింది. ఎవరూ లేరు, నోరే. అక్కడ ఆగి, "అయితే అవి పువ్వులే" అని తనే ఒప్పుకుంది.

ఇవాళ పొద్దున లేచి మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళింది. పెదవి కిందికి లాగి చూసుకుని, వంటింట్లోకి వచ్చి చెప్పింది. "అమ్మా, రెండు రాలిపోయాయి. ఒకటి వాడింది."

తెల్లకోటు

మంచి మాట చెప్పారు. ఆ ఒక్కటీ రాలేదాకా కారం, పులుపు తగ్గించండి.